గ్లేజ్ చేసే రెండు పనులు: డిజైన్ గోడల రంగు కలపడంలో అసలు లెక్క

మా హాల్లో పడమటి గోడ మీద, కిటికీకి మూరెడు దూరంలో, పైనుంచి కిందిదాకా ఒక ముదురు చార ఉండేది. రెండేళ్లు దాన్ని చూస్తూనే గడిపాం. గోడంతా లేత గంధం రంగు మీద మబ్బులు పరుచుకున్నట్టు రావాలని మా కోరిక. మబ్బులు వచ్చాయి, వాటి మధ్య ఈ చార కూడా వచ్చింది. నల్గొండలో మే నెల, పొద్దున పదకొండు గంటలు, తలుపులన్నీ తీసి, ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టుకుని చేసిన పని అది. మేస్త్రీ పనితనానికి వంక పెట్టలేం, ఎన్నో ఏళ్లుగా రంగులు వేస్తున్న మనిషి. రంగులో కలపడానికి నేను గ్లేజ్ డబ్బా తెచ్చిస్తే, "ఇదెందుకు సార్, నీళ్లు కలిపితే అయిపాయె కద" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వీడియోలో చూశానన్నది జవాబు కాదు కదా. సరేనన్నాను.

ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పుడు నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, వనపర్తి, ఏ ఊళ్లో కొత్త ఇల్లు చూసినా హాల్లో ఒక గోడకైనా 'డిజైన్' ఉంటోంది. ఫోన్‌లో చూసిన గోడే మన ఇంట్లో కావాలంటాం. ఆ వీడియోలో గ్లేజ్ అంటారు, షాపులో ఇంకేదో చేతిలో పెడతారు, మేస్త్రీ నీళ్లు పోస్తానంటాడు. ముగ్గురూ ఒకే గోడ గురించి మాట్లాడుతున్నా మాట ఒకటి కాదు. అందుకే మొదటినుంచి విప్పి చూద్దాం.

ఒకే పేరు, నాలుగు వస్తువులు

గ్లేజ్ అనే మాట నాలుగు చోట్ల నాలుగు రకాలుగా వాడుకలో ఉంది. కుండలకు, టైల్స్‌కు వేసే గ్లేజ్ బట్టీలో కాలి గాజుపూతగా మారుతుంది. దానికీ గోడ రంగుకూ సంబంధం లేదు. కొందరు మెరుపునే గ్లేజ్ అంటారు. "గ్లేజ్ ఉన్న పెయింట్ ఇవ్వు" అని అడిగితే షాపతను మెరిసే ఎమల్షన్, అంటే నీళ్లతో కలిపే గోడ రంగు ఇస్తాడు, అతను ఇచ్చిందీ తప్పు కాదు. ఇంకొందరు పని అయిపోయాక పైన వేసే రంగులేని రక్షణ పూతను, అంటే క్లియర్ కోట్‌ను గ్లేజ్ అంటారు.

మనం మాట్లాడుకునేది నాలుగోది. రంగు దాదాపు లేని, పాలలా కనిపించే, కొంచెం చిక్కగా ఉండే ద్రవం. ఎమల్షన్‌లో ఉండే అక్రిలిక్ జిగురు లాంటిదే ఇందులోనూ ఉంటుంది, రంగు పొడి మాత్రం ఉండదు. దీనికి తోడు త్వరగా ఆరనివ్వని పదార్థాలు ఉంటాయి. ఇందులో మనకు కావాల్సిన రంగు కొద్దిగా కలిపి, ముందే వేసి ఆరిన రంగు మీద పలచగా పూసి, తడిగా ఉండగానే గుడ్డతోనో, స్పాంజితోనో, బ్రష్షుతోనో కదుపుతారు. అడుగు రంగు కొన్నిచోట్ల ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా బయటికి కనిపిస్తుంది. రాయిలా, గుడ్డలా, కర్రలా, పాతబడిన గోడలా అనిపించే డిజైన్లన్నీ అక్కడినుంచి పుట్టేవే.

ఇందులో ఒక చిక్కుంది. డబ్బాలో గ్లేజ్ తెల్లగా ఉంటుంది కాబట్టి, రంగులో కలిపితే రంగు తెల్లబడుతుందని చాలామంది అనుకుంటారు. తడిగా ఉన్నంతసేపు నిజంగానే అలా కనిపిస్తుంది. ఆరాక ఆ తెలుపు పోతుంది, రంగు ముదురుతుంది. తడి రంగు చూసి "ఇంకొంచెం కలుపు" అన్నవాళ్లు మర్నాడు గోడ చూసి కంగారు పడేది ఇందుకే.

సున్నం ఆరాక ఎందుకు తెల్లబడుతుంది

ఊళ్లలో పండగకు ఇంటికి సున్నం వేయడం చూసినవాళ్లకు ఇది తెలుసు. కుంచెతో సున్నం వేసినప్పుడు గోడ తెల్లగా ఉండదు. కింది మట్టి రంగో, పాత జాజు రంగో కనిపిస్తూనే ఉంటుంది. "ఏం సున్నమిది, నీళ్లే ఉన్నాయి" అనిపిస్తుంది. పొద్దెక్కి ఆరేసరికి కళ్లు జిగేలుమనేంత తెల్లగా అవుతుంది. సున్నం ఎక్కడినుంచో కొత్తగా వచ్చి చేరలేదు, మధ్యలోంచి నీళ్లు పోయాయి, అంతే.

వెలుతురు ఒక పదార్థంలోంచి మరో పదార్థంలోకి దూరేటప్పుడు కొంత వెనక్కి చెదురుతుంది. ఆ రెండు పదార్థాలు వెలుతురును వంచే తీరులో తేడా ఎంత ఎక్కువైతే అంత ఎక్కువగా చెదురుతుంది. ఆ తీరును కొలిచే అంకెను వక్రీభవన గుణకం అంటారు. గాలికి అది 1, నీటికి 1.33, ఆరిన సున్నం చివరికి మారే కాల్షియం కార్బొనేట్‌కు సుమారు 1.6. తడి సున్నంలో రేణువుల మధ్య నీళ్లుంటాయి, తేడా తక్కువ, వెలుతురు లోపలికి పోయి కింది గోడను తాకి వస్తుంది. ఆరాక రేణువుల మధ్య గాలి చేరుతుంది, తేడా పెరుగుతుంది, వెలుతురు పైనే చెదిరిపోతుంది. దాన్నే మన కన్ను తెలుపుగా చూస్తుంది. దీనికి ఎదురు ఉదాహరణ బజ్జీలు కట్టిచ్చిన పేపర్ ముక్క. నూనె పీల్చిన చోట వెనకవైపు అక్షరాలు కనిపిస్తాయి. కాగితం పోగుల మధ్య గాలి ఉన్న చోట నూనె చేరింది. పోగులకూ నూనెకూ తేడా తక్కువ కాబట్టి కాగితం పారదర్శకం అయింది.

ఇక మన పెయింట్ డబ్బాకు వద్దాం. అందులో గోడను కప్పే పని చేసేది ముఖ్యంగా టైటానియం డయాక్సైడ్ అనే తెల్ల పొడి. దాని గుణకం 2.5కు పైనే. అక్రిలిక్ జిగురుది 1.5 దగ్గర. ఇంత తేడా ఉంది కాబట్టే రెండు కోట్లకే పాత గోడ కనబడకుండా పోతుంది. గ్లేజ్‌లో ఈ పొడి లేదు. అందులో కొద్దిగా పెయింట్ కలిపితే కప్పే రేణువులు దూరదూరంగా చెదిరి ఉంటాయి. వెలుతురు వాటి సందుల్లోంచి అడుగు రంగు దాకా వెళ్లి, తిరిగి అదే దారిన పై రంగులోంచి బయటికి వస్తుంది. గడపకు పసుపు పలచగా రాసినప్పుడు పసుపూ కనిపిస్తుంది, దాని కింద కర్ర చారలూ కనిపిస్తాయి కదా, అలా రెండు పొరలూ ఒకేసారి కంటికి అందుతాయి. మంచి గ్లేజ్ గోడకు లోతు ఉన్నట్టు అనిపించేది దీనివల్లే.

పారదర్శకత ఒకటి, వ్యవధి ఇంకొకటి

మేస్త్రీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. గ్లేజ్ రెండు పనులు చేస్తుంది. మొదటిది, రంగును పారదర్శకం చేయడం. రెండోది, ఆ రంగును కాసేపు ఆరకుండా పట్టి ఉంచి, కదిపే వ్యవధి ఇవ్వడం. చాలా గందరగోళం ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్ల వస్తుంది.

నీళ్లు కలిపితే మొదటి పని కొంతవరకు అవుతుంది, రంగు పలచబడి కింది గోడ కనిపిస్తుంది. రెండో పని కాదు. పైగా కొత్త ఇబ్బందులు వస్తాయి. రంగులో ఉన్న జిగురు కూడా పలచబడి పట్టు తగ్గుతుంది. నీళ్లు మితిమీరితే ఆరాక చేత్తో రుద్దితే పొడి అంటుకుంటుంది. చిక్కదనం పోయి నిలువు గోడ మీద కారుతుంది, గుడ్డ అచ్చు నిలవదు. గ్లేజ్ కలిపిన రంగు పలచగా కనిపించినా అందులో జిగురు నిండుగా ఉంటుంది.

కొందరు క్లియర్ కోట్‌లో రంగు కలుపుతారు. పారదర్శకత బాగానే వస్తుంది, జిగురు కూడా గట్టిదే. అయితే క్లియర్ కోట్ త్వరగా ఆరడానికి తయారైన వస్తువు, వ్యవధి ఇవ్వదు. దీనికి ఎదురుగా, ఆరడాన్ని మందగించే ద్రవాలు విడిగా దొరుకుతాయి. వీటిలో తరచుగా ఉండేది ప్రొపిలీన్ గ్లైకాల్, నీటిని త్వరగా వదలదు. మామూలు పెయింట్‌లో అదొక్కటే కలిపితే వ్యవధి వస్తుంది, కప్పే గుణం మాత్రం పెద్దగా తగ్గదు. ఏ డబ్బా ముందు పెట్టినా పారదర్శకత ఇస్తుందా, వ్యవధి ఇస్తుందా అనే రెండు ప్రశ్నలు వేసి చూస్తే, అది మనకు పనికొస్తుందో లేదో చాలావరకు తేలిపోతుంది.

నాలుగుకు ఒకటి అంటే ఎంత

ఎక్కువగా వినబడే కొలత 4:1. నాలుగు పాళ్లు గ్లేజ్, ఒక పాలు పెయింట్. అంటే మొత్తంలో పెయింట్ అయిదో వంతు. పావు వంతు అనుకుని లీటరు డబ్బాలో 750 మిల్లీలీటర్ల గ్లేజ్, 250 పెయింట్ పోస్తే అది 3:1 అవుతుంది. లీటరు గ్లేజ్‌కు 250 కలిపితేనే 4:1, అప్పుడు మిశ్రమం లీటరుంబావు వస్తుంది. చిన్న విషయమే, కానీ గోడ మీద తేడా కనిపిస్తుంది.

ఒక గోడ లెక్క వేద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు, 120 చదరపు అడుగులు. పొడవు, ఎత్తు నాలుగేసి అడుగులున్న కిటికీ ఒకటి తీసేస్తే 104. పలచని పూత లీటరుకు 100 చదరపు అడుగులు వస్తుందనుకుందాం. డబ్బా మీద కంపెనీ ఇచ్చే అంకె వేరుగా ఉంటే దాన్నే తీసుకోవాలి. మనకు కావాల్సింది లీటరు పైచిలుకు. గుడ్డ పీల్చుకునేది, బకెట్‌కు అంటేది కలిపి పావు వంతు అదనంగా అనుకుంటే 1.3 లీటర్లు. 4:1 లెక్కన గ్లేజ్ 1040, పెయింట్ 260 మిల్లీలీటర్లు. అంతా ఒకేసారి కలపడం ముఖ్యం. సగం గోడకు కలిపి, అయిపోయాక మళ్లీ కలిపితే రెండోసారి అచ్చం అదే రంగు రావడం చాలా కష్టం. ఆ తేడా గోడ నడిమధ్యన కూర్చుంటుంది.

అయితే 4:1 అనేది మొదలుపెట్టే చోటు మాత్రమే. 1:1 కలిపితే డిజైన్ గట్టిగా, అంచులు స్పష్టంగా వస్తాయి. 6:1 దాటితే రంగు ఒక ఛాయలా మిగులుతుంది, ఒకదానిపై ఒకటి రెండు మూడు పొరలు వేసేవాళ్లు అలా వాడతారు. మన గోడకు ఏది సరిపోతుందో తేల్చే సులువైన పరీక్ష ఒకటుంది. గాజు పలక కింద పేపర్ పెట్టి, మూడు చోట్ల మూడు రకాల మిశ్రమం సమానంగా పూసి ఆరనివ్వాలి. ముదురు నీలం రంగుతో నేను చేసి చూశాను. 1:1 పూసిన చోట పెద్ద హెడ్డింగ్ లీలగా కనబడింది. 4:1 దగ్గర హెడ్డింగ్ హాయిగా చదవగలిగాను. 8:1 దగ్గర వార్తలోని చిన్న అక్షరాలూ అందాయి, నీలం అద్దంలోంచి చూసినట్టు. గ్లేజ్ పెరిగేకొద్దీ రంగు తెల్లబడలేదు, నీలంగానే ఉండి తేటబడింది. ఆ పలకను కిటికీ వెలుతురుకు పట్టి చూసినప్పుడు నాకు విషయం నిజంగా అర్థమైంది.

తరువాత అదే పలక మీద లేత గులాబీ రంగు పూశాను, అదే 4:1. అక్షరాలు పాలపొర కప్పినట్టు మసకబారాయి. కొలత ఒకటే, ఫలితం వేరు.

లేత రంగులో దాగిన తెలుపు

షాపులో మిషన్ మీద రంగు కలిపించుకునేటప్పుడు గమనించండి. మనం లేత రంగు అడిగితే తెల్లటి బేస్ డబ్బా తీసి, అందులో చుక్కలు చుక్కలుగా రంగు వేస్తారు. ముదురు ఎరుపో, గోధుమో అడిగితే వేరే బేస్ తీస్తారు. అందులో తెల్ల పొడి చాలా తక్కువ, అసలు లేనివీ ఉంటాయి. అంటే లేత గులాబీ డబ్బాలో ఎక్కువగా ఉన్నది టైటానియం డయాక్సైడే. దాన్ని గ్లేజ్‌లో కలిపితే ఆ తెలుపూ వెంట వస్తుంది, తేటగా ఉండాల్సిన పొర పాలలా మసకబారుతుంది.

అందుకని లేత గులాబీ ఛాయ కావాలంటే తెల్లటి అడుగు మీద ముదురు ఎరుపును ఎక్కువ గ్లేజ్‌లో కొద్దిగా కలిపి వేయడం ఒక దారి. తెలుపు కింద నుంచి వస్తుంది, ఎరుపు పైన తేటగా నిలుస్తుంది. లేత పెయింట్‌నే గ్లేజ్‌లో కలపడం ఇంకో దారి, పొగమంచు లాంటి మెత్తదనం వస్తుంది. రెండోది తప్పని చెప్పలేం, పాతకాలపు సున్నపు గోడ పోలిక కావాలనుకునేవాళ్లు కావాలనే అలా చేస్తారు. రాయిలా, పాలిష్ కర్రలా లోతు కావాలనుకున్నవాళ్లకు మాత్రం అది నిరాశే.

పెయింట్ బదులు స్టెయినర్, అంటే చిక్కటి రంగు ద్రవం ఉన్న సీసా తీసుకుని నేరుగా గ్లేజ్‌లో చుక్కలు వేసేవాళ్లూ ఉన్నారు. తెలుపు ఉండదు కాబట్టి రంగు బాగా తేటగా వస్తుంది. కానీ స్టెయినర్‌లో జిగురు ఉండదు. ముదురు రావాలని ఎక్కువ వేస్తే పూత రోజుల తరబడి జిడ్డుగా ఉండిపోవచ్చు. చుక్కల్లో ఉన్నంతవరకే అది మంచి దారి.

మన ఎండలో డబ్బా మీద రాసిన నిమిషాలు నిలుస్తాయా

దక్షిణ తెలంగాణ వాళ్లకు ఈ విషయంలో అసలు చిక్కు ఇదే. గ్లేజ్ ఇన్ని నిమిషాలు తడిగా ఉంటుందని డబ్బా మీద రాసే అంకె, మితమైన వేడి, గాలిలో కొంత తేమ ఉన్న పరిస్థితికి లెక్క వేసింది. మే నెలలో నల్గొండలో 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. గాలిలో తేమ ఉండదు, వడగాలి కొడుతుంది. నీటి ఆధారిత రంగు ఆరడమంటే నీళ్లు ఆవిరై, జిగురు రేణువులు దగ్గరికి చేరి ఒక పొరగా అతుక్కోవడం. వేడి, పొడిగాలి, ఫ్యాన్ మూడూ కలిస్తే ఆ పని ఎంత తొందరగా జరుగుతుందో చెప్పక్కర్లేదు. పడమటి గోడైతే ముందురోజు సాయంత్రం తాగిన వేడిని చాలాసేపు లోపల దాచుకుంటుంది. చేయి ఆనిస్తేనే తెలుస్తుంది.

వ్యవధి తగ్గితే గోడకేమవుతుంది? మళ్లీ మన 12 అడుగుల గోడే తీసుకుందాం. ఒకే మనిషి రెండడుగుల వెడల్పున పైనుంచి కిందిదాకా రోలర్‌తో పూస్తున్నాడు. మూడు నిమిషాలు పట్టిందనుకుందాం. తరువాత రోలర్ పక్కన పెట్టి, గుడ్డతో అద్దడానికి ఇంకో అయిదు నిమిషాలు. రెండో పట్టీ పూయడానికి వచ్చేసరికి మొదటి పట్టీ అంచు ఎనిమిది నిమిషాలుగా ఎదురుచూస్తోంది. రెండో పట్టీ పూసి, రెంటినీ కలిపి అద్దేసరికి మరో మూడు నాలుగు. మొత్తం 12 నిమిషాలు. పూత 20 నిమిషాలు తడిగా ఉంటే బాధే లేదు. ఏడు నిమిషాలకే బిగిస్తే, ఆరిన అంచు మీద కొత్త పూత పడుతుంది. మామూలు ఎమల్షన్‌లో ఇలా ఎన్ని అతుకులున్నా కనబడవు, ఎందుకంటే అది ఎలాగూ అన్నిటినీ కప్పేస్తుంది. గ్లేజ్ పారదర్శకం కాబట్టి రెండు పొరలు పడిన చోట రెండింతల రంగు కనబడుతుంది. జాయింట్ పడిందని మేస్త్రీలు అనేది దాన్నే. మా గోడ మీద చార అదే. ఆరు పట్టీల గోడకు అయిదు అతుకులు, మా అదృష్టం బాగుండి ఒక్కటే బయటపడింది.

ఇద్దరు మనుషులుంటే లెక్క మారుతుంది. ఒకరు పూస్తూ పోతుంటే వెనకే ఇంకొకరు అద్దుకుంటూ వస్తారు, అంచు ఎదురుచూసేది మూడు నాలుగు నిమిషాలే. పట్టీ చివర నాలుగు వేళ్ల వెడల్పు అద్దకుండా వదిలి, పక్క పట్టీతో కలిపి అద్దడం కూడా ఇందుకే. మేస్త్రీ ఒక్కడే వస్తే కూలీ తగ్గుతుందని మనం సంబరపడతాం. గ్లేజ్ పని మాత్రం ఇద్దరి పని.

వానాకాలంలో ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. పూత చాలాసేపు తడిగా ఉంటుంది, కదపడానికి హాయి. కానీ మొదటి పొర పైకి ఆరినట్టే ఉండి లోపల పచ్చిగా ఉంటే, రెండో పొర వేసి గుడ్డతో అద్దినప్పుడు మొదటిది గుడ్డతో లేచి వస్తుంది.

ఏ డిజైన్‌కు ఎంత వ్యవధి కావాలి

అన్ని డిజైన్లకూ గ్లేజ్ ఒకేలా అవసరం లేదు. ఇది చెప్పకపోతే మేస్త్రీకి అన్యాయం చేసినవాళ్లం అవుతాం.

స్పాంజితో రంగు అద్దుతూ పోయే పనిలో రంగును గోడకు ఇస్తున్నాం, తీయడం లేదు. ఒక్కో అద్దు విడిగా ఆరిపోయినా నష్టం లేదు. అక్కడ వ్యవధితో పనిలేదు. పట్టు కోసం, తేట కోసం మాత్రమే గ్లేజ్ కావాలి. మన చుట్టూ ఉన్న గుట్టల గ్రానైట్ పోలిక తేవాలంటే ఇదే సరైన పద్ధతి. రాచకొండ దగ్గరో, దేవరకొండ దగ్గరో ఒక బండను దగ్గరగా చూడండి. బూడిద రంగు మీద నల్ల చుక్కలు, లేత గులాబీ మచ్చలు, గింజలు గింజలుగా ఉంటాయి. ఇంట్లో ఆ పోలిక కావాలని 'మార్బుల్ డిజైన్' అడిగితే చారలొస్తాయి. చారలు పాలరాయివి, గింజలు గ్రానైట్‌వి.

పూసిన రంగును గుడ్డతో లేపి తీసే పనికి వ్యవధే ప్రాణం. గట్టి వెంట్రుకల బ్రష్షుతో పైనుంచి కిందికి గీతలు లాగే డిజైన్‌కు ఇంకా ఎక్కువ కావాలి, పదడుగుల గోడను ఆగకుండా ఒకే లాగుడులో దిగాలి. ఈ డిజైన్‌ను పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వైపు వాళ్లకు వర్ణించడం తేలిక. నిలువు గీతలు పడుగు. అవి పూర్తిగా ఆరాక, మళ్లీ గ్లేజ్ పూసి అడ్డంగా లాగిన గీతలు పేక. రెండూ కలిస్తే గోడకు నేతగుడ్డ కట్టినట్టుంటుంది. పడుగు ఆరకముందే పేక లాగితే రెండూ చెరిగి, మడ్డిలా కలిసిపోతాయి.

పాలరాయి చారలకు తడి గ్లేజ్ మీద సన్నటి కుంచెతోనో, ఈకతోనో గీత లాగి, మెత్తటి బ్రష్షుతో తేలిగ్గా తుడుస్తారు. గీత అంచులు తడిలోకి పాకితేనే రాయిలోపల ఉన్నట్టు అనిపిస్తుంది. ఆరిన గోడ మీద గీస్తే అది గీతగానే మిగులుతుంది.

నీళ్లు, గ్లేజ్, రెడీమేడ్: ఎవరి మాటలో ఎంత నిజం

నీళ్లు చాలంటున్న మేస్త్రీల మాట స్పాంజి అద్దకం వరకు నిజమే. ఖర్చు తక్కువ, దొరకని వస్తువు కోసం తిరిగే పని లేదు, చేతికి అలవాటైన పని. చలికాలం పొద్దున, చిన్న గోడ మీద, చేయి తిరిగిన మేస్త్రీ నీళ్ల రంగుతో గుడ్డ డిజైన్ కూడా తేగలడు. ఎండాకాలంలో పెద్ద గోడ మీద అదే నమ్మకంతో వెళ్తేనే ఇబ్బంది.

రెడీమేడ్ వైపు వాళ్ల వాదనా బలమైనదే. రాయల్ ప్లే లాంటి పేర్లతో పెద్ద కంపెనీలు ఎఫెక్ట్ పెయింట్లు అమ్ముతున్నాయి. పారదర్శకత ఎంత ఉండాలో, వ్యవధి ఎంత ఉండాలో ఫ్యాక్టరీలోనే సరిచూసి ఇస్తారు. రెండో డబ్బా తెచ్చినా రంగు దాదాపు అదే వస్తుంది. మెటాలిక్ మెరుపులు ఇంట్లో కలిపి తేవడం కష్టం కూడా. ఇందులో పోగొట్టుకునేది స్వేచ్ఛ. కార్డులో ఉన్న ఛాయల్లోనే ఎంచుకోవాలి. పూత ఇంకొంచెం తేటగా కావాలంటే మన చేతిలో ఉండదు.

విడిగా గ్లేజ్ తెచ్చి కలుపుకుంటే అన్నీ మన చేతిలో ఉంటాయి, తప్పులు కూడా. మన జిల్లా షాపుల్లో అది ఎప్పుడూ సిద్ధంగా ఉండే సరుకు కాదు, తెప్పించుకోవాలి.

పాత పద్ధతి ఇంకొకటుంది, నూనె గ్లేజ్. అవిసె నూనె, టర్పెంటైన్, వార్నిష్ కలిపి చేసేవారు. గంటల తరబడి తడిగా ఉంటుంది, మన ఎండను తట్టుకోవడంలో దానికి సాటి లేదు. కర్ర గీతల పనికి ఇప్పటికీ దాన్నే ఇష్టపడేవాళ్లున్నారు. కానీ వాసన ఘాటు, ఆరడానికి ఒక రోజైనా పడుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. గోధుమ రంగు తలుపు మీద ఆ పసుపు తెలియదు, తెల్లటి హాలు గోడ మీద తెలుస్తుంది. నూనె గ్లేజ్‌లో ఎమల్షన్ కానీ, నీటి గ్లేజ్‌లో ఎనామిల్ (నూనె రకం పెయింట్) కానీ కలపడం కుదరదు, విరిగిన పాలలా అవుతుంది.

నా మొగ్గు ఎటో దాచను. గుడ్డతో, బ్రష్షుతో తీసే డిజైన్ అయితే నీటి గ్లేజే. మా గోడే నాకు నేర్పింది.

పై పూత ఎంత మంచిదైనా కింది గోడను బట్టే

గ్లేజ్‌కు అడుగున ఉన్న రంగు కొద్దిగా మెరుపున్నది కావాలి. మెరుపు లేని ఎమల్షన్, డిస్టెంపర్ గోడలు పీల్చుకునే రకం. గ్లేజ్ తాకగానే అందులోని నీళ్లు గోడలోకి పోతాయి, వ్యవధి అక్కడే సగం ఖర్చవుతుంది, పైగా ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ పీల్చి మచ్చలు పడతాయి. అందుకే సాటిన్ రకం ఎమల్షన్ రెండు కోట్లు పూర్తిగా ఆరాకే గ్లేజ్ మొదలుపెడతారు. లప్పం మీద ఎమ్రీ పేపర్ సరిగా కొట్టకపోతే ఆ గీతల్లో గ్లేజ్ నిలిచి, డిజైన్ కన్నా అవే ముందు కనబడతాయి.

పాత ఇళ్లలో గోడ అడుగున మనిషి నడుము ఎత్తున ఆయిల్ పెయింట్ పట్టీ ఉండేది. దాని మీద నీటి గ్లేజ్ పూస్తే తామరాకు మీద నీళ్లలా గుండ్లు కడుతుంది. గరుకు చేసి, అతుక్కునే ప్రైమర్ వేయక తప్పదు.

ఇక చెమ్మ. బోరు నీళ్లలో, ఇసుకలో ఉన్న లవణాలు గోడలోంచి నీటితోపాటు పైకి వచ్చి, నీళ్లు ఆరిన చోట తెల్లగా ఉప్పు పూస్తాయి. దాని మీద వేసిన ఏ పూతా నిలవదు, పెచ్చులుగా లేస్తుంది. కొత్త ఇంటి ప్లాస్టరింగ్ కూడా కనీసం నెల ఆరాలి. సిమెంటులోని క్షారం కొన్ని రంగులను తినేస్తుంది. గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందని ఈ నెలను కోసేస్తాం, టెన్షన్ అలాంటిది. ఆ గోడకు డిజైన్ వాయిదా వేసి, మామూలు రంగుతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

మరక పడితే

గ్లేజ్ గోడ విషయంలో ముందే తెలియాల్సింది ఇది. మామూలు గోడ మీద పిల్లలు పెన్సిల్‌తో గీస్తే, దాచిన రంగు కొంచెం తీసి అక్కడికక్కడ అద్దితే సరిపోతుంది. గ్లేజ్ గోడ మీద అలా అద్దితే అదో కొత్త మచ్చ. పొర మీద పొర పడుతుంది కదా. అందుకే కొందరు పైన క్లియర్ కోట్ వేయిస్తారు, మరకలు తడిగుడ్డతో తుడవవచ్చు. వద్దనేవాళ్ల కారణమూ సరైనదే. క్లియర్ కోట్ గోడ మెరుపును మారుస్తుంది, సగం ఆరిన గ్లేజ్ మీద వేస్తే గ్లేజ్‌ను లాగేస్తుంది. మా ఇంట్లో డైనింగ్ వైపు వేయించాం, హాలుకు వద్దనుకున్నాం.

చారను కూడా అందుకే అద్ది సరిచేయలేకపోయాం. పోయిన డిసెంబర్‌లో గోడ మొత్తం మళ్లీ అడుగు రంగు నుంచి మొదలైంది. అదే మేస్త్రీ, ఈసారి వెంట తమ్ముడిని తీసుకొచ్చాడు. పొద్దున ఏడింటికి కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, స్టీలు గ్లాసుతో నాలుగు గ్లాసుల గ్లేజ్‌కు ఒక గ్లాసు రంగు కొలిచి, పాత చున్నీలో వడగట్టారు. అన్న పూస్తుంటే తమ్ముడు అద్దాడు. మూడో పట్టీ దగ్గర మేస్త్రీ ఆగి, మొదటి పట్టీ అంచును వేలితో తాకి చూశాడు. వేలికి రంగు అంటింది. "ఇంకా పచ్చిగనే ఉన్నది సార్" అని, ఆ వేలు నాకు చూపించి, రోలర్ మళ్లీ ముంచాడు.